గ్యాస్‌తో చుట్టరికం లేని గ్యాస్ బిళ్ళ గారికి

మహారాజశ్రీ గ్యాస్ బిళ్ళ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. రాత్రి పదకొండింటికి తిన్న బిర్యానీ ఇంకా గొంతు దాకా వచ్చి పలకరించి వెళ్తోంది కాబట్టి, కుశలం మీ ఒక్కరిదే.

మా ఇంట్లో పొద్దున్నే దీపం పెట్టే ముందే మీ స్ట్రిప్ చిటుక్కుమంటుంది. నాన్నగారు పరగడుపున వేసుకుంటారు. అమ్మ టిఫిన్ అయ్యాక, గుర్తొస్తే. నేను గుండెల్లో మంట పుట్టాక. ముగ్గురిలో నాన్నగారిదే సరైన పద్ధతని ఈ మధ్యే తెలిసింది. ఆయనకి చెప్పలేదు.

కడుపు గోడల్లో ఆమ్లం వదిలే చిన్న చిన్న పంపులుంటాయి. తిండి తగలగానే అవి పని మొదలెడతాయి. పని చేస్తున్న పంపునే మీరు పట్టుకోగలరు, నిద్రపోతున్నదాని జోలికి పోలేరు. అందుకే తినడానికి అరగంట ముందే లోపలికి చేరాలి. మీ ప్రయాణం తలుచుకుంటే నవ్వొస్తుంది. చక్కబెట్టాల్సింది కడుపుని, కానీ అక్కడే కరిగితే ఆ ఆమ్లం ముందు మిమ్మల్నే పాడుచేస్తుంది. దాంతో పైన కోటింగు తొడుక్కుని కడుపు దాటి, చిన్నపేగులో కరిగి, రక్తంలో కలిసి, దొడ్డిదారిన మళ్ళీ కడుపుకే వస్తారు. పక్కూరికి వెళ్ళడానికి విజయవాడలో బస్సు మారినట్టు. ఇంత తిరిగొచ్చే మిమ్మల్ని బిర్యానీ మీద మింగి, రెండు నిమిషాలకే "ఇంకా తగ్గలేదేంటి?" అంటాం.

అసలు ఫిర్యాదు మీ పేరు గురించి. మీరు ఒమెప్రజోల్ అవనీ, పాంటాప్రజోల్ అవనీ, తగ్గించేది ఆమ్లాన్ని. గ్యాస్‌తో మీకేం పని? గబగబా తింటూ, మధ్యలో కబుర్లు చెబుతూ మింగిన గాలి కొంత. చిన్నపేగులో అరక్క మిగిలిన చిక్కుళ్ళూ శనగలూ, కొందరికి పాలూ, పెద్దపేగుకి చేరితే అక్కడి బ్యాక్టీరియా చేసుకునే విందు కొంత. గ్యాస్ అంటే ఇదే. ఆ విందుకి మీకు పిలుపు లేదు.

కానీ మా వాళ్ళ ఒంట్లో గ్యాస్ వెళ్ళని చోటు లేదు. తల నొప్పా? గ్యాస్ పైకెక్కింది. నడుం పట్టిందా? గ్యాస్ అక్కడ ఆగింది. అన్నవాహిక అడుగున ఉండే కండరం సడలి, ఆమ్లం పైకి తన్ని పుల్లటి త్రేన్పులొస్తే అదీ గ్యాసే. ఒక్క అల్సర్ వస్తే మాత్రం టెన్షన్ అంటాం, లేదంటే ఆవకాయని బోనెక్కిస్తాం. 1984లో బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు, హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాని పెంచి, ఆ ద్రవాన్ని తానే తాగేసి, వాంతులతో కడుపులో వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. చాలా అల్సర్ల వెనక ఉన్నది ఆ సూక్ష్మజీవేనని తేల్చినందుకు ఆయనకీ రాబిన్ వారెన్‌కీ 2005లో నోబెల్ ఇచ్చారు. ఆవకాయ మీద ఆ కేసు కొట్టేసినట్టే (మంట పెంచిన కేసు వేరే ఉంది), ఆ తీర్పు మా వీధి దాకా రాలేదు. ఆ సూక్ష్మజీవి పోవాలంటే యాంటీబయాటిక్స్ కోర్సు పూర్తిగా వాడాలి. మీరు వాటి పక్కన సాయానికి.

మా బాబాయి సంగతి మాత్రం నేను మరిచిపోలేను. ఒక తెల్లవారుజామున ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగింది. "గ్యాసే" అన్నాడు. వాము నమిలాడు, సోడా తాగాడు, మిమ్మల్ని రెండు వేసుకుని రెండు గంటలు హాల్లో పచార్లు చేశాడు. పిన్ని కేకలేస్తే ఆటో ఎక్కాడు. ఈసీజీ చూసి గుండెపోటన్నారు. స్టెంటు వేశారు, బతికాడు. ఇప్పటికీ ఎవరడిగినా "ఆ రోజు గ్యాస్ గుండెకి తగులుకుంది" అనే చెబుతాడు.

నాన్నగారికి డాక్టరు మిమ్మల్ని రాసింది నాలుగు వారాలకి. చీటీ ఎప్పుడో చిరిగిపోయింది, మీరు ఎనిమిదేళ్ళుగా ఉన్నారు. ఏళ్ళ తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గొచ్చని మొన్న డాక్టరు రక్తపరీక్ష రాశారు. అంతే, నాన్నగారు భయపడి మిమ్మల్ని ఒక్కసారిగా మానేశారు. ఆమ్లం పాత బాకీలన్నీ వసూలు చేసుకుంది. నెమ్మదిగా తగ్గించాలట, అదీ డాక్టరు చెప్పినట్టు.

మా నాయనమ్మ పసిపిల్లల పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అనేది. అగస్త్యుడు రాక్షసుణ్ణే అరిగించుకున్నాడు. అయితే ఆయన రాత్రి పదకొండింటికి తిని, ఫోన్ చూస్తూ వెల్లకిలా పడుకుని ఉండడని నా అనుమానం.

ఇట్లు,
మీ స్ట్రిప్‌లో సగం ఖాళీ చేసినవాడు

తా.క.: ఆదివారం రాత్రి పెళ్ళి భోజనం ఉంది. ఎనిమిదికి వడ్డన అని కార్డులో వేశారు. పదయినా వడ్డించొచ్చు, పదకొండయినా వడ్డించొచ్చు. జేబులోనే ఉంటారు కదా, ఏ అరగంట ముందు వేసుకోమంటారు?