నెల్సన్ చెయ్యి మీద హ్యాపీ బర్త్‌డే

ఇప్పుడే పార్సెల్ విప్పాను. బీపీ మాత్ర వేసుకుని మరీ ఇది రాస్తున్నా.

మా మేనల్లుడు విశాఖలో నేవీలో ఉన్నాడు. వాడి పుట్టినరోజుకు మంచి కార్డు పంపుదామని ఆన్‌లైన్‌లో వెతికితే "నౌకాదళ వీరులు" అని ఒక సెట్టు కనిపించింది. పాత చిత్రపటాలతో అచ్చేసిన కార్డులట. డబ్బులు ముందే కట్టించుకున్నారు. తెరిచి చూస్తే ఏముంది? విగ్గులు, బంగారు గుండీలు, ఎర్రటి బుగ్గలు. మన మొహం ఒక్కటంటే ఒక్కటి లేదు!

పైన ఉన్నది నెల్సన్, ఇంగ్లీషు అడ్మిరల్. ఆయనకు 1797లో టెనెరిఫ్ దగ్గర కుడిచెయ్యి పోయింది. బొమ్మలో ఆ ఖాళీ కోటు చేతిని మడిచి గుండెల మీద గుచ్చుకుని నిలబడ్డాడు. సరిగ్గా ఆ లేని చేతి మీద మెరుపు అక్షరాలతో "హ్యాపీ బర్త్‌డే"! వేలితో తాకానో లేదో, ఆ మెరుపంతా రాలి నా లుంగీకి అంటుకుంది. దులిపినా పోవట్లేదు.

నెల్సన్‌తో నాకేం పేచీ లేదు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధం గెలిచి ఓడ మీదే ప్రాణం వదిలాడు, వాళ్ళవాళ్ళు దండలు వేసుకోనీ. రెండో కార్డు చూసినప్పుడు మండింది. ఎడ్వర్డ్ హ్యూస్ అట, ఈయనా ఇంగ్లీషు అడ్మిరలే. 1782, 83లో ఈయన, ఫ్రెంచి సఫ్రెన్ కలిసి మద్రాసు నుంచి ట్రింకోమలీ దాకా ఐదుసార్లు సముద్రంలో కొట్టుకున్నారు. ఎవరి సొమ్ము ఎవరు తినాలని? మన సొమ్మే కదా స్వామీ! ఆయన బొమ్మ కొనుక్కుని మనం శుభాకాంక్షలు చెప్పుకోవాలి. బాగుంది.

మనకు మనుషులు కరువా? మరాఠా నౌకాదళపతి కాన్హోజీ ఆంగ్రే కొంకణ తీరంలో ఈస్టిండియా కంపెనీ ఓడల్ని పట్టి ముప్పుతిప్పలు పెట్టాడు, 1729లో చనిపోయేదాకా ఆయన్ని లొంగదీసినవాడు లేడు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా పదకొండేళ్ళు మన నేవీకి తెల్లవాళ్ళే పెద్దలు. 1958లో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు రామదాస్ కటారి. ఆయన ఫొటో మీ పిల్లల్లో ఎవరైనా చూశారా? అన్నిటికన్నా కెప్టెన్ ముల్లా. 1971 పాకిస్తాన్ యుద్ధంలో, డిసెంబర్ 9 రాత్రి తన యుద్ధనౌక ఖుక్రీ మునిగిపోతుంటే దూకి బతకొచ్చు కూడా, దూకలేదు. ఓడతోనే వెళ్ళిపోయాడు. ఆ మనిషికి ఒక కార్డు ముక్క దొరకలేదా వీళ్ళకు?

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఆ అబ్బాయి చల్లగా అంటాడు, "ఎవరైతే ఏముంది సార్, యూనిఫాంలోనే ఉన్నారు కదా!" అంతే. వాపసు లేదట, ప్యాకెట్ విప్పేశానట. విప్పకుండా లోపల ఎవరున్నారో జ్యోతిష్యం చెప్పించుకోవాలేమో.

సరే, ఇదంతా ఒక ఎత్తు. బావకు ఫోన్‌లో చెప్పుకున్నా చూడండి, అదీ నా ఖర్మ. బావది విశాఖ. "బామ్మర్దీ, మీ కర్నూలుకు సముద్రమెక్కడిది? కేసీ కాలువ చూసుకునేవాడివి, నేవీ గొడవ నీకెందుకు?" అని పకపకా నవ్వు. పెళ్ళయిన నాటి నుంచి ఇదే పాట. మా ఇంటికొచ్చినప్పుడల్లా చేప లేదా, రొయ్య లేదా, గాలి లేదా. ఉగ్గాని మాత్రం మూడోసారి కూడా పెట్టించుకుంటాడు.

కాలువ అన్నావు కదా బావా, విను. సుంకేసుల నుంచి కడప దాకా ఆ కర్నూలు-కడప కాలువను 1860ల్లో తవ్వింది పొలాలకే కాదు, పడవలు నడపడానికి కూడా. పడవల సంగతి మాకు నువ్వు చెప్పాలా? ఇప్పుడు కాలువ చివర కాగితప్పడవ వదులుదామన్నా నీళ్ళుండవు, అది వేరే సంగతి. కృష్ణా నీళ్ళు పంచిన బచావత్ ట్రిబ్యునల్ కేసీకి 39.9 టీఎంసీలు రాసిచ్చింది. రాయడానికేం, రాస్తారు. పైనుంచి కిందికి వచ్చేసరికి ఎవరి వాటా వాళ్ళు నొక్కేస్తే మా రైతు గట్టు మీద కూర్చుని ఆకాశం చూడాలి. 1953లో మా కర్నూలుకు ఆంధ్ర రాష్ట్ర రాజధాని ఇచ్చారు, మూడేళ్ళకు లాగేసుకున్నారు. అప్పుడు మాకెవరూ ఓదార్పు కార్డు కూడా పంపలేదు.

నీళ్ళంటే తెలియనివాళ్ళమా మేము? 2009 అక్టోబర్ 2న తుంగభద్ర ఊరి మీద పడితే మేడల మీద నిలబడి ఎదురుచూసినవాళ్ళం. అక్కరకు రమ్మంటే రావు, వద్దన్నప్పుడు ఇంట్లోకొస్తాయి. నీ బీచ్ రోడ్డు మీద ఐస్‌క్రీం తింటూ ఇవన్నీ తెలుస్తాయా?

బావా, ఈ పోస్టు నువ్వు చదువుతున్నావని తెలుసు. అక్కకు ఫోన్ చేసి నా మీద చాడీలు చెప్పొద్దు. లింకు ఆమెకు నేనే పంపించా.