సూర్యుడి మీద నోటీసు

మా ఎంవీపీ కాలనీ అపార్టుమెంటులో లిఫ్టు ఆగింది. కారకుడు సూర్యుడని సెక్రటరీగారు బోర్డు మీద నోటీసు అంటించారు: "సౌర తుఫాను వలన అంతరాయం. సహకరించగలరు." 2024 మే నెల అయస్కాంత తుఫానుకు (అంటే సూర్యుడి తాకిడికి భూమి అయస్కాంత బలం చెదరడం) లదాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడ్డ ఫొటో చూసినప్పటి నుంచీ ఆయనకు ఈ ధైర్యం వచ్చింది. అంతకుముందు పాపం ఎలుకల మీద తోసేవారు.

బాధ్యతగల నివాసిగా లెక్క తీశాను. మన దగ్గర భూమి అయస్కాంత బలం 40,000 నానోటెస్లాల (ఆ బలాన్ని కొలిచే ప్రమాణం) పైచిలుకు. అంత పెద్ద తుఫానులోనూ తగ్గింది ఓ 400, అంటే నూటికి ఒకటి. సెక్రటరీగారి ఫ్రిజ్ తలుపు మీద సింహాద్రి అప్పన్న బొమ్మ ఉంది చూశారూ, దాని వెనకున్న మాగ్నెట్ భూమి కంటే దాదాపు వంద రెట్లు బలమైంది. ఫ్రిజ్ మాత్రం నిక్షేపంగా నడుస్తోంది.

1989 మార్చిలో ఇలాంటి తుఫానుకే కెనడాలోని క్యూబెక్‌లో 60 లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో కూర్చున్నది నిజమే. అక్కడివి తుఫాను ప్రభావం పట్టేంత పొడవున, వందల కిలోమీటర్ల కరెంటు లైన్లు. మా లిఫ్టు తాడు ఐదంతస్తులు.

పైగా సూర్యుడికి ఓ పద్ధతుంది. అలజడి రేపిన ముఖం 27 రోజులకు మళ్లీ మనవైపు తిరుగుతుంది. మార్చి, సెప్టెంబరుల్లో జోరెక్కువ. పదకొండేళ్లకోసారి పోటు. భూమి అయస్కాంత బలంలో రోజువారీ కదలికలు చాలావరకు చిన్నవే; పెద్దవి అరుదు, కానీ అన్నీ సగటు చుట్టూనే ఉంటాయనే గంట ఆకారపు గ్రాఫును నమ్ముకుంటే మోసపోయేటంత తరచుగానే వస్తాయి. వాచ్‌మన్ రిజిస్టరు తిరగేస్తే మా లిఫ్టుకీ ఓ పద్ధతి కనిపించింది: గ్యాస్ బండ వచ్చే రోజు, చుట్టాలు దిగే ఆదివారం. మెయింటెనెన్స్ కాంట్రాక్టు ముగిశాక ఇక ప్రతి వారం ఉత్తరాయణ పుణ్యకాలమే.

అసలు మన కరెంటుకే అయస్కాంత కొలతలు భయపడాలి. బొంబాయిలో ట్రాములు కరెంటుతో నడవబోతున్నాయంటే కొలతలు చెడతాయని, భూమి అయస్కాంత బలాన్ని కొలిచే కొలాబా అబ్జర్వేటరీ పనికి 1904లో అలీబాగ్‌లో కొత్త చోటు చూశారు. విశాఖలోనూ అలాంటి అబ్జర్వేటరీ ఒకటుంది. మా లిఫ్టు వల్ల దానికి ఏ ఇబ్బందీ లేదు, కదిలితే కదా.

నిన్న సర్క్యులర్ వచ్చింది. సౌర తుఫాను నిధికి ఫ్లాటుకు అయిదువందలు. కింది ఫ్లాటువాళ్లు ఇవ్వబోమన్నారు. వాళ్లింట్లోకి అసలు ఎండే పడదట.