నీడపట్టున నిలిపిన కారు

అమెరికా వచ్చి పన్నెండేళ్లయినా నాలో మారని గుణం ఒకటుంది. కారు ఆపాల్సి వస్తే నా కళ్లు ముందు చెట్టును వెతుకుతాయి. మేముండే మిన్నెసోటాలో ఏడాదిలో సగం రోజులు ఎండ కోసం మొహం వాచి ఉంటాం. అయినా జూలైలో కారును ఎండకు వదలాలంటే ప్రాణం ఒప్పుకోదు. చిన్నప్పుడు నిక్కరుతో మా నాన్నగారి స్కూటరు వెనక సీటెక్కిన రోజులను నేను మరిచినా నా తొడలు మరవలేదు.

ఈ గుణమే మొన్న వేసవిలో నా కొంప ముంచింది. కొంప అంటే మరీ కొంప కాదు, కారు వెనక అద్దం.

మా మామగారు మే నెలలో తెనాలి నుంచి వచ్చారు. బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు లెక్కలు సరిచూసి రిటైరైన మనిషి. గుడి, జలపాతం, సరస్సులు, మళ్లీ గుడి, అన్నీ జూన్‌కల్లా అయిపోయాయి. "ఇక్కడివాళ్లు మన క్రికెట్ లాంటిదేదో ఆడతారట కదా అల్లుడుగారూ" అన్నారొక రోజు. మినియాపొలిస్‌లో పెద్ద స్టేడియం ఉంది, వెళ్దామన్నాను. టికెట్ ధరను రూపాయల్లోకి మార్చారు. పార్కింగ్ ధరనూ మార్చారు. రెండూ కూడి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "టీవీలో చూద్దాం లెండి" అన్నారు.

ఆఫీసులో ఒక పెద్దాయన దారి చూపించాడు. అసలైన బేస్‌బాల్ చూడాలంటే నగరానికి కాదు, పల్లెలకు వెళ్లాలట. టౌన్‌బాల్ అంటారు దాన్ని. ఊరికో జట్టు, జట్టుకో మైదానం. రాష్ట్రం మొత్తం మీద దాదాపు 300 జట్లు ఉన్నాయి, 1924 నుంచి రాష్ట్రస్థాయి పోటీలు జరుగుతున్నాయి. ఆడేవాళ్లకు జీతాల్లేవు. పగలు పొలం పని చేసినవాడూ, బడిలో పాఠం చెప్పినవాడూ, కరెంటు తీగలు బిగించినవాడూ సాయంత్రం చెక్క బ్యాటు పట్టుకుని దిగుతారు. మీస్‌విల్ అనే ఊరి జనాభా 150 కూడా ఉండదు. దానికీ దీపస్తంభాలున్న మైదానం ఉంది, మడ్‌హెన్స్ అనే జట్టు ఉంది, ఆ జట్టు గెలిచిన రాష్ట్ర కప్పులున్నాయి. మడ్‌హెన్ అంటే చెరువుల్లో తిరిగే నీటికోడి. జోర్డన్ అనే ఊరి జట్టు పేరు బ్రూయర్స్, అంటే బీరు కాచేవాళ్లు. జర్మనీ నగరం కొలోన్ పేరు పెట్టుకున్న ఊళ్లో జట్టు పేరేమో హాలండర్స్, అంటే హాలండ్ వాళ్లు! మన దగ్గర కబడ్డీ జట్టంటే పులో సింహమో ఉండాల్సిందే. కోడి పేరు పెట్టుకుని కప్పు గెలవాలంటే గుండె గట్టిది కావాలి.

ఇంకో చిత్రం. రాష్ట్ర పోటీలకు వెళ్లే జట్టు, తన ప్రాంతంలో ఓడి ఇంటికి పోయిన జట్ల నుంచి కొందరు ఆటగాళ్లను చేర్చుకోవచ్చు. వేసవి పొడుగునా మనం తిట్టిపోసిన పిచర్, ఆగస్టులో మన కోసం బంతి విసురుతాడు. ఇది విని మామగారు తేలిగ్గా తలాడించారు. "ఫలితాలొచ్చాక జట్టు మారడం మనకేమీ కొత్త కాదు కదా!"

మేం వెళ్లిన ఊరి పేరు మాత్రం చెప్పను. అక్కడ నా పేరు ఇప్పటికే చాలామందికి తెలుసు.

మొక్కజొన్న చేల మధ్య నుంచి దారి. ఊరి నీళ్ల ట్యాంకు కనిపించిన రెండు నిమిషాలకు మైదానం వచ్చింది. ఎడమవైపు కంచె అవతల గడ్డి మీద కార్లు వరసగా నిలిపి ఉన్నాయి, ఎర్రటి ఎండలో. ఇటు వలకంచె వెనక, మైదానానికి అడుగుల దూరంలో, ఇంత మేపుల్ చెట్టు. దాని కింద నాలుగు కార్లు పట్టే చల్లని నీడ. ఒక్క కారూ లేదు.

"ఇక్కడెవరూ పెట్టలేదేమిటి అల్లుడుగారూ?" అన్నారు మామగారు.

"వీళ్లకు నీడ విలువ తెలియదండీ" అన్నాను.

"ఏమండీ, ఆ బోర్డు మీద ఏదో రాసి ఉంది" అంది మా ఆవిడ.

"బోర్డన్నాక ఏదో ఒకటి రాసే ఉంటుంది" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? తిరిగి వెళ్లేటప్పుడు సులువుగా ఉంటుందని, కారును వెనక్కి తిప్పి, వీపు మైదానం వైపు ఉండేలా నిలిపాను. వెనక సీట్లో పులిహోర డబ్బా ఉంది. చెమ్మ పట్టకుండా మూత ఓరగా పెట్టింది మా ఆవిడ. ఈ సంగతి గుర్తుంచుకోండి.

గేటు దగ్గర ఒక పెద్దావిడ లాటరీ చీటీలు అమ్ముతోంది. పోగైన డబ్బులో సగం జట్టుకు, సగం గెలిచినవాడికి. ఒక చీటీ కొని చొక్కా జేబులో వేసుకున్నాను. తినుబండారాల కొట్లో శాకాహారం అడిగితే ఊరవేసిన దోసకాయ ఇచ్చారు. ఉప్పునీళ్లలో ఊరిందే తప్ప కారం మొహం ఎరగదు. మామగారు ఒక ముక్క కొరికి, "ఆవపిండి మరిచిపోయినట్టున్నారు" అని జాలిపడ్డారు.

ఆట మొదలైంది. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ వివరించాను. బ్యాటర్ ముందు నుంచి రెండు సున్నపు గీతలు లంబకోణంలో విడిపోతాయి, వాటి మధ్య పడితేనే లెక్క, బయట పడితే ఫౌల్. క్రికెట్‌లో పుట్టి పెరిగినవాళ్లకు ఇది మింగుడుపడదు. నాలుగు దిక్కులా కొట్టమని నేర్పిన వాళ్లం కదా! ఒక బంతి క్యాచర్ నెత్తి మీదుగా వెనక్కి ఎగిరి వల దాటగానే మామగారు లేచి నిలబడి, "కీపర్ మీదుగా సిక్సరు!" అని చప్పట్లు కొట్టారు. స్టాండు మొత్తానికి ఆయనొక్కరే. ముందు వరసలో స్వెటర్ అల్లుకుంటున్న ముసలమ్మ వెనక్కి తిరిగి చూసి, మళ్లీ అల్లికలో పడింది.

ఇంతలో ఆ ఊరి జట్టు నుంచి ఒక గట్టి పిండం వచ్చాడు. మొదటి రెండు ఫౌళ్లూ స్ట్రైకుల కింద, అంటే మూడైతే అవుటయ్యే తప్పుల కింద లెక్కవుతాయి. ఆ తర్వాత బంతిని గాలిలో ఎవరూ పట్టనంత వరకు, మామూలుగా ఆడుతూ ఎన్ని ఫౌళ్లు కొట్టినా అవుట్ కాడు. ఇతను ఆ సదుపాయాన్ని పూర్తిగా వాడుకున్నాడు. మూడు, నాలుగు, అయిదు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. "పద్దు తేలదు, ఖాతా మూయడు" అన్నారు మామగారు విసుగ్గా. ఎనిమిదో ఫౌల్ నిటారుగా లేచి మా తలల మీదుగా వెనక్కి పోయింది. ముందు ఆకుల గలగల. ఆ వెంటనే బస్తాడు గాజులు ఒక్కసారి కుమ్మరించినట్టు చప్పుడు.

స్టాండంతా "ఓ..." అని మూలిగింది. నేనూ మూలిగాను. ఎవరిదో పాపం అనుకున్నాను. అక్కడున్నది నా కారొక్కటేనన్న సంగతి ఆ క్షణంలో తట్టనే లేదు. నీడలో పెట్టిన వస్తువుకు కీడు జరుగుతుందన్న ఊహ మా వంశంలోనే లేదు.

మైకు గరగరలాడింది. సగం మాటలు గాలికి పోగా నాకు దక్కినవి మూడే: "అభినందనలు", "471", "వెంటనే రండి". జనం నవ్వుతూ అటూ ఇటూ చూస్తున్నారు, కొందరు చప్పట్లు కూడా కొట్టారు. నా చీటీ నంబరు ఇలాంటిదేదో అని గుర్తు. జేబు తడుముకుంటూ లేచాను. "లాటరీ మనకే వచ్చిందండీ" అన్నాను మామగారితో. అల్లుడి యోగం చూసి ఆయన కళ్లు మెరిశాయి. మెట్లు దిగుతూ జనానికి చెయ్యి ఊపాను. వాళ్లూ ఊపారు. ఇంత ఆప్యాయత నేను ఈ దేశంలో ఎన్నడూ చూడలేదు.

మైకు గదిలోంచి ఒకాయన బయటికి వచ్చాడు. నేను చెయ్యి చాచాను. ఆయన నా చేతిలో చీపురు పెట్టాడు.

471 నా కారు నంబరు ప్లేటు మీది అంకెలు. అభినందనలు ఆ రోజు చెట్టు కింద కారు పెట్టిన ఏకైక వీరుడికి. పాపం మంచివాడే, చేట తనే పట్టుకుని నాతో నడిచాడు. దారిలో ఆ బోర్డును వేలితో చూపించాడు గానీ ఏమీ అనలేదు. ఫౌల్ బంతుల వల్ల కలిగే నష్టానికి ఎవరి బాధ్యత వారిదేనని రాసి ఉంది. అక్షరాలు పెద్దవే.

వెనక అద్దం పటికబెల్లం ముక్కల్లా సీటంతా పరుచుకుంది. బంతి ఎక్కడా కనిపించలేదు. మామగారు డబ్బాలోకి తొంగి చూసి, "ఇదుగో" అన్నారు. పులిహోరలో సగం దాకా దిగి కూర్చుంది. చుట్టూ వేరుశనగపప్పులు, గాజుముక్కలు, సాయంకాలపు వెలుగులో ఏది ఏదో పోల్చుకోలేనంత కలిసిమెలిసి. మా ఆవిడ డబ్బా వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. డబ్బాను చూసిన చూపులో కాస్త జాలి ఉంది.

మామగారు బంతిని రుమాలుతో పట్టి పైకి తీశారు. తెల్లని తోలు, ఎర్రని కుట్లు, ఒళ్లంతా పసుపు. అలవాటు ఊరుకోనివ్వదు కదా, కుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను గాజు ఊడుస్తున్నాను, ఆయన పెదవులు కదులుతున్నాయి. చాలాసేపటికి తలెత్తి, "నూట ఎనిమిది జంటలు అల్లుడుగారూ! అష్టోత్తరం!" అన్నారు. బేస్‌బాల్ బంతికి ఉండేవి అన్నే.

పక్కన ఎవరో నిలబడినట్టు అనిపించి చూస్తే, పదేళ్ల కుర్రాడు. సైకిలు గడ్డిలో పడేసి, ఎంతో మర్యాదగా చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు. బంతి కావాలట. పెద్ద స్టేడియాల్లో జనంలో పడిన బంతి దొరికినవాడిదే. చిన్న ఊళ్లకు బంతులు కొనడమే భారం కాబట్టి, తెచ్చి ఇచ్చిన పిల్లలకు కొట్లో ఏదో ఒకటి ఇస్తారు. ఇక్కడ ఇచ్చేది ప్లాస్టిక్ గొట్టంలో గడ్డకట్టిన రంగునీళ్లు, అంటే పుల్ల లేని పుల్లఐసు. నా అద్దం ఖరీదు వందల డాలర్లు, వాడి లాభం ఒక ఐసు. మామగారు బంతిని వాడి చేతుల్లో పెట్టారు. వాడు వాసన చూసి, ఇంకోసారి చూసి, పరుగు తీశాడు.

తిరిగి వచ్చి కూర్చున్నామే గానీ నా మనసు ఆటలో లేదు. ఊరి జట్టు పరుగు తీసినప్పుడల్లా కంచె అవతల ఎండలో నిలిపిన కార్లు హారన్లు మోగించాయి. అన్నిటికీ అద్దాలు ఉన్నాయి.

ఏడో ఇన్నింగ్ సగంలో జనమంతా ఒళ్లు విరుచుకోవడానికి లేచారు. మైకు మళ్లీ గరగరలాడింది. మళ్లీ నాలుగు, ఒకటి, ఏడు అంటూ ఏవో అంకెలు. "వెంటనే రండి." మూడుసార్లు పిలిచారు. ఈసారి చేట కూడా నా చేతికే ఇస్తారేమో! పగలడానికి అక్కడింకేం మిగిలింది గనక? బిగుసుకుని కూర్చుని దోసకాయ కొరికాను. మామగారు ఏదో అడగబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. కాసేపటికి వేరే నంబరు పిలిచారు. స్వెటర్ ముసలమ్మ ఒక్క కేక పెట్టి, దారపు ఉండ దొర్లిపోతున్నా పట్టించుకోకుండా మైకు గది వైపు పరుగెత్తింది.

వెనక అద్దం స్థానంలో చెత్త సంచీ అంటించుకుని గంట ప్రయాణం. దోమలు మా కంటే హాయిగా వచ్చాయి. ఇంటికి చేరగానే బీమా వాళ్లకు ఫోను చేశాను. ప్రమాదం జరిగినప్పుడు కారు ఎంత వేగంతో వెళ్తోందని అడిగింది అమ్మాయి. ఆగి ఉందన్నాను. ఢీకొన్న వాహనం ఏ రకమని అడిగింది. బంతి అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం.

రాత్రి జేబులోవన్నీ తీసి బల్ల మీద పెట్టాను. తాళాలు, చిల్లర, రెండు గాజుముక్కలు, నలిగిన చీటీ. మంచినీళ్లకు వచ్చిన మామగారు చీటీని సాపు చేసి, దీపం దగ్గరికి పట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు.

"లెక్క తేలనప్పుడు తేడాను తొమ్మిదితో భాగించి చూడమనేవాళ్లు మాకు" అన్నారు నెమ్మదిగా. "శేషం లేకుండా పోయిందంటే, ఎక్కడో అంకెలు తారుమారు చేసి ఉంటారని అనుమానించాలి."

"అంటే ఏమిటండీ?"

"కారు 471. ఈ చీటీ 417. తేడా 54, తొమ్మిది ఆర్లు. రెండోసారి మైకులో పిలిచింది 417 అండీ. మన కారు అది కాదే అని నాకు అప్పుడే అనిపించింది. మీరు కోపంగా ఉన్నారని అడగలేదు."