కిటికీ లేని గదికి కర్టెన్ దేనికండీ?

ఇప్పుడే మా అక్కతో మాట్లాడి ఫోన్ పెట్టేశాను. ఒళ్ళు మండిపోతోంది. తను అమ్మనీ పిల్లల్నీ వెంటేసుకుని ఢిల్లీలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ దిగి పహాడ్‌గంజ్‌లో హోటల్‌కి చేరితే, గదిలో కర్టెన్ ఉంది, కిటికీ లేదు! పక్కకి లాగి చూస్తే చెమ్మకి పెచ్చులూడుతున్న గోడ. బుకింగ్ యాప్ ఫోటోలో అదే కర్టెన్ మీద ఎండ పడుతున్నట్టు చూపించారు. అడిగితే కౌంటర్లో కుర్రాడు "ఏసీ ఉంది కదా మేడమ్" అన్నాడట. కరెంటు పోతేనో?

ఢిల్లీ అనగానే మనవాళ్ళందరి సలహా ఒకటే, "స్టేషన్ దగ్గర చూసుకో". ఏ వైపు దగ్గర? న్యూఢిల్లీ స్టేషన్‌కి ఒక పక్క పహాడ్‌గంజ్, అవతల పక్క అజ్మేరీ గేట్, మధ్యలో 16 ప్లాట్‌ఫారాలు. ఎల్లో లైన్ మెట్రో, ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ రెండూ అజ్మేరీ గేట్ వైపే. యాప్‌లో మాత్రం మెట్రో కూతవేటు దూరం అని రాస్తారు. అటు వెళ్ళడానికి పట్టాల మీది వంతెన మెట్లెక్కి దిగాల్సింది మోకాళ్ళ నొప్పుల మా అమ్మ. పహాడ్‌గంజ్‌లో దిగేవాళ్ళకి పనికొచ్చేది బ్లూ లైన్‌లో రామకృష్ణ ఆశ్రమ్ మార్గ్ స్టేషన్. ఆ ముక్క రాయడానికి ఏం పోయింది? మహిపాల్‌పూర్ హోటళ్ళవాళ్ళు ఇంకా ఘోరం. ఎయిర్‌పోర్ట్ పక్కనే అని ఊరిస్తారు. ఎర్రకోట, చాందినీ చౌక్ చూడాలని వెళ్ళినవాళ్ళు అక్కడ దిగితే రోజూ ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి పడి తిరగాల్సిందే.

సరే, నడుస్తాం, తిరుగుతాం, సర్దుకుంటాం. కిటికీ దగ్గర మాత్రం సర్దుకునేది లేదు. 2019 ఫిబ్రవరిలో కరోల్ బాగ్‌లో ఒక హోటల్ తెల్లవారుజామున తగలబడి 17 మంది పోయారు. మంటలకి తాళలేక పైనుంచి దూకినవాళ్ళున్నారు. దూకడానికైనా కిటికీ ఉండాలి కదండీ! ఆ వార్త చూసిన రోజు నుంచీ నాకీ కోపం చల్లారలేదు. వైఫైకి గుర్తు, టీవీకి గుర్తు, గీజర్‌కి గుర్తు పెడతారు. పొగ కమ్మితే బయటపడే దారి ఎటో ఒక్క ఫోటో పెట్టరు. తక్కువ అద్దె కట్టేవాళ్ళవి ప్రాణాలు కావా?

ఎవరైనా బుక్ చేసేముందు హోటల్‌కే ఫోన్ చేసి అడగండి: కిటికీ బయటికి తెరుచుకుంటుందా, కిందికి రెండో మెట్లదారి ఉందా? నసిగాడంటే ఆ గది ఊరికే ఇచ్చినా వద్దు.