డ్యాష్‌బోర్డు మీది పసుపు దీపం గారికి

మహారాజశ్రీ ఇంజన్ బొమ్మ దీపం గారికి, పల్నాడు నుంచి ఒక మిర్చి రైతు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీరు మాత్రం వెలుగుతూనే ఉన్నారు.

మిమ్మల్ని ఇంటికి తెచ్చుకున్న రోజు నేను చూసింది తెల్ల రంగు, కొత్త టైర్లు, పాటల డబ్బా. సెకండ్ హ్యాండ్ పికప్పే అయినా బీఎస్-6, అంటే కొత్త పొగ నిబంధనల బండి కదా, కొత్తదానికిందే లెక్క అనుకున్నా. మా ఇంటావిడ ఒక్క మాట అడిగింది: "రిపేరొస్తే మన ఊళ్లో ఎవరు చేస్తారండీ?" బండి సంగతులు నీకేం తెలుసులే అని నవ్వాను. ఆ నవ్వుకి ఇంకా వాయిదాలు కడుతున్నా.

ముప్పై టిక్కీల (బస్తాల) మిర్చి వేసుకుని గుంటూరు యార్డుకు పోతుంటే, ఫిరంగిపురం దాటాక మీ మొదటి దర్శనమైంది. ఆ వెంటనే బండికి ఊపిరి ఆగినట్టయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ముప్పై దాటదు. పక్కనుంచి ట్రాక్టరు దాటిపోయింది. ట్రాక్టరు డ్రైవరు చెయ్యి కూడా ఊపాడు.

మా మెకానిక్ బాబాయ్ బానెట్ ఎత్తి, కాసేపు తొంగిచూసి, మెల్లగా దించేశాడు. "నా దగ్గర పానాలున్నాయిరా అబ్బాయ్, దీనికి కంప్యూటర్ కావాలి" అన్నాడు. టౌన్లో స్కానర్ ఉన్నాయన అచ్చం జ్యోతిష్యుడే. దోషం ఉందని చెప్పినందుకు ఒక ఫీజు, శాంతి చేయించడానికి ఇంకొకటి.

దోషం ఏమిటయ్యా అంటే, పొగ గొట్టంలో మసి పట్టే జల్లెడ ఒకటుందట. అందులో చేరిన మసి కాలిపోవాలంటే లోపల 600 డిగ్రీల దాకా వేడెక్కాలట, అందుకు బండి హైవే మీద ఏకధాటిగా పోవాలట. మా చేను ఇంటికి మూడు కిలోమీటర్లు. డొంక దారి, సెకండ్ గేరు. కూలీలు బస్తాలు ఎత్తేదాకా ఇంజన్ ఊరికే తిరుగుతూనే ఉంటుంది. మసి పట్టకేం చేస్తుంది? అంటే తమరి ఆరోగ్యం కోసం అప్పుడప్పుడూ హైవే మీద షికారు తిప్పాలన్నమాట. మా నాన్ననే ఎప్పుడూ అలా తిప్పలేదు.

రెండోసారి ఎలుక. గడ్డివాము పక్కన బండి పెడితే సెన్సర్ వైరు కొరికింది. వైరు ఖరీదు టీ ఖర్చంత, ఏ వైరో కనుక్కోవడానికి మళ్లీ జ్యోతిష్యుడు. మీ చుట్టాల్లో కొన్ని బండ్లకు యూరియా నీళ్లు కూడా పొయ్యాలట. పైరుకి యూరియా కోసం లైన్లో నిలబడేది చాలదా, బండికి కూడానా? అదీ చేలో చల్లే యూరియా కలిపి పోస్తే పాడవుతుందట. మా యూరియా ఆనదు కాబోలు.

అన్యాయంగా మాట్లాడను. మీరు రాకముందు ఈ బండ్లు వదిలే నల్ల పొగకి వెనకాల బైకు మీద వెళ్లేవాడి చొక్కా రంగు మారేది. మీ ఉద్దేశం మంచిదే. మా డొంకే మీకు సరిపోలేదు.

అందుకని మిమ్మల్ని అమ్మి పాత బొలెరో పికప్పు కోసం తిరుగుతున్నా, కంప్యూటర్‌తో పనిలేని మెకానికల్ డీజిల్ పంపు ఉన్న రకం. కమాను పట్టీ విరిగినా, క్లచ్ ప్లేటు అరిగినా బాబాయ్ చెట్టు కిందే విప్పేస్తాడు. సామాను నరసరావుపేటలో లేకపోతే విజయవాడ ఆటోనగర్లో దొరుకుతుంది. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటేటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి, ఆ తలనొప్పి ఉంది. అయినా బాబాయ్‌ని వెంటబెట్టుకునే వెళ్తున్నా. ఆయన పెయింటు వంక చూడడు. నేరుగా కిందికి దూరి ఛాసీకి వెల్డింగ్ అతుకులున్నాయా, ఎరువులు మోసి మోసి ట్రాలీ అడుగు తుప్పుపట్టిందా అని గోకి చూస్తాడు. ఇంజన్ ముందే వేడిగా ఉంటే, ఏదో లోపం దాస్తున్నారని బేరమే ఆడనివ్వడు. స్టార్ట్ చేసి ఆయిల్ మూత తీస్తాడు. పొగ గుప్పుగుప్పున తన్నిందా, ఇంజన్ లోపల అరిగి బోరుకొచ్చిందని చెప్పి చేతులు తుడుచుకుంటాడు.

మొన్న ఒకచోట మీ జాతి బండి కూడా చూపించారు. బ్రోకర్ తాళం తిప్పి "చూడండి సార్, ఒక్క లైటూ లేదు" అన్నాడు గర్వంగా. బాబాయ్ నన్ను గిల్లాడు. తాళం తిప్పగానే మీరొకసారి వెలిగి, ఇంజన్ స్టార్టయ్యాక ఆరాలి కదా. అసలే వెలగలేదంటే ఎవరో మీ పీక నులిమారన్నమాట. మొదటిసారి మీ మీద జాలేసింది.

వచ్చే ఆదివారం మనల్ని చూడ్డానికి కొనేవాళ్లు వస్తున్నారు. మన బ్రోకర్ మీకోసం నల్ల టేపు తెచ్చాడు, వద్దని పంపేశాను. వచ్చే పెద్దమనిషికి తెల్ల రంగు, పాటల డబ్బా బాగా నచ్చాయట ఫొటోల్లో. కానీ భార్యను కూడా తీసుకొస్తున్నాడట. అదే నా టెన్షన్.

ఇట్లు,
ఇంకా మీ ఓనరే