హాస్యనటుడికి పంక్తిభేదం

రెడ్ బటన్స్, వూపీ గోల్డ్‌బర్గ్, రాబిన్ విలియమ్స్, మోనీక్. నలుగురూ వేదిక మీద ఒంటరిగా నిలబడి జనాన్ని నవ్వించే స్టాండప్ కామెడీతో పైకొచ్చినవాళ్లే. నలుగురికీ సహాయ పాత్రలకు ఆస్కార్ వచ్చింది. వీటిలో నవ్వులు పంచిన పాత్ర 1990 నాటి ‘ఘోస్ట్’లో గోల్డ్‌బర్గ్‌ది ఒక్కటే. 1957లో వచ్చిన ‘సయొనారా’లో రెడ్ బటన్స్ భార్యతో కలిసి ప్రాణం తీసుకునే సైనికుడు. 2009 నాటి ‘ప్రెషస్’లో మోనీక్ కన్నకూతుర్నే హింసించే తల్లి. ‘కామెడీ చేసుకునేవాళ్లకి ఇంత బరువైన పాత్రలెందుకు’ అని హాలీవుడ్ దర్శకులు అనుకోలేదు.

మన దగ్గర అనుకుంటున్నారు. అనుకోవడమే కాదు, దానికో గడి గీసి పెట్టారు. నంది అవార్డుల్లో ఉత్తమ హాస్యనటుడికి వేరుగా, ఉత్తమ క్యారెక్టర్ నటుడికి వేరుగా ఇచ్చేవారు. జానీ లీవర్ హిందీ తెరపై ఇన్ని దశాబ్దాలు వెలిగినా, ఆయనకొచ్చిన రెండు ఫిలింఫేర్ అవార్డులూ హాస్యపాత్రల విభాగంలోవే. గౌరవమే, కాదనం. కానీ విస్తరి వేసింది వేరే పంక్తిలో.

నవ్వించేవాడు నటుడిగా మారడం సులువని మేం అనడం లేదు. స్టాండప్‌లో మాట తనదే, పాత్ర తనే, తీర్పు చెప్పే జనం ఎదురుగానే ఉంటారు. పంచ్ పేలిందో లేదో రెండు సెకన్లలో తేలిపోతుంది. షూటింగ్‌లో అలా కాదు. టేక్ నడుస్తుండగా ఎవరికి నవ్వొచ్చినా ఆపుకోవాల్సిందే. మాట వేరొకరు రాసింది. అన్నిటికన్నా కష్టం, ఎదుటివాడు మాట్లాడుతుంటే వినడం. ఒంటరిగా మైకు పట్టుకున్నవాడికి అలవాటు లేని పని అది. నిశ్శబ్దం పడితే చాలు, దాన్ని జోకుతో నింపేయాలని నోరు దురదపెడుతుంది. కొందరు అక్కడే బోల్తాపడతారు, నిజమే.

ఆ దురదను జయించినవాడు ఏం చేయగలడో ‘గుడ్ విల్ హంటింగ్’లో సైకాలజీ మాస్టారుగా వేసిన రాబిన్ విలియమ్స్‌ను చూస్తే తెలుస్తుంది. పార్కు బెంచీ మీద కూర్చుని, పక్కనున్న కుర్రాడితో గొంతు పెంచకుండా చాలాసేపు మాట్లాడతాడు. ఒక్క విసురు లేదు, ఒక్క వెక్కిరింత లేదు. మరో సన్నివేశంలో, చనిపోయిన భార్య నిద్రలో అపానవాయువు వదిలేదని చెప్పి పగలబడి నవ్విస్తాడు. స్క్రిప్టులో లేని ఆ ముచ్చట ఆయన అప్పటికప్పుడు అల్లిందేనని సహనటుడు మాట్ డేమన్ చెప్పారు. అక్కడ కెమెరా కాస్త వణకడం కూడా కనిపిస్తుంది. గమనించాల్సింది ఏమిటంటే, ఆ జోకు వేసింది విలియమ్స్ కాదు, భార్యను పోగొట్టుకున్న ఆ మాస్టారు. ఇన్నేళ్ల స్టాండప్ అనుభవం పాత్రలో అలా కరిగిపోయింది.

మనవాళ్లకు ఆ సత్తా లేదా? మిమిక్రీతో మొదలుపెట్టి వెయ్యికి పైగా చిత్రాల్లో నటించిన బ్రహ్మానందం, 2023లో ‘రంగమార్తాండ’లో వృద్ధ రంగస్థల నటుడిగా కనిపిస్తే ప్రేక్షకులు కళ్లు తుడుచుకున్నారు. ‘ఈయనలో ఇంత నటుడున్నాడా’ అని ఆశ్చర్యపోయారు కూడా. ఆ ఆశ్చర్యం మాకు నచ్చలేదు. నటుడు ఎప్పుడూ ఉన్నాడు, పాత్రే మూడున్నర దశాబ్దాలు ఆలస్యంగా వచ్చింది.

ఇవాళ తెలుగులో స్టాండప్ చేస్తున్న కుర్రాళ్లు, అమ్మాయిలు చాలామందే ఉన్నారు. ఒక్కో వాక్యాన్ని పది వేదికల మీద చెప్పిచూసి, ఎక్కడ ఆగాలో, ఏ మాట తీసేయాలో నేర్చుకున్నవాళ్లు. వాళ్ల వీడియో వైరల్ అయితే సినిమావాళ్ల నుంచి ఫోన్ వస్తుంది. పిలిచేది మాత్రం హీరో స్నేహితుడి వేషానికో, నాయిక పక్కన వాగుడుకాయ వేషానికో.

అవార్డుల కమిటీలు ఆ వేరే పంక్తిని ఎత్తేసి, హాస్యనటుల్ని మిగతా నటులతో కలిపి చూడాలి. దర్శకులకైతే అంత పెద్ద సంస్కరణ కూడా అక్కర్లేదు. ఈసారి స్టాండప్ కమెడియన్ ఆడిషన్‌కు వస్తే, చేతిలో హీరో స్నేహితుడి డైలాగులు కాకుండా హీరో తండ్రివో, విలన్‌వో పెట్టి చదివించి చూడండి.