ఓఎస్, ఐఓ తీసేసినంత మాత్రాన సాండ్‌బాక్స్ అయిపోదు

ఈ వారంలో నాలుగోసారి అదే మెసేజ్: "మీ యాప్‌లో యూజర్ల స్క్రిప్టుల కోసం లువా పెడుతున్నారా? ఐదు స్టెప్పుల్లో ఫుల్ సేఫ్." లువా అంటే వేరే ప్రోగ్రాముల్లో ఇమిడ్చి వాడే చిన్న స్క్రిప్టు భాష. సాండ్‌బాక్స్ అంటే పరాయి కోడ్ బయటివాటిని తాకకుండా కట్టడి చేసే ఏర్పాటు. మెసేజ్ పంపినవాళ్లంతా ప్రోగ్రామర్లే. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

ఒకటి: ఓఎస్ (సిస్టమ్ కమాండ్లు నడిపేది), ఐఓ (ఫైళ్లు తెరిచేది) లైబ్రరీలు తీసేస్తే చాలట. లువా స్క్రిప్టులు నడిపే రెడిస్ అనే డేటాబేస్‌కి, డెబియన్ లినక్స్ ఇచ్చే ప్యాకేజీలో 2022లో బయటపడిన లోపం చూడండి. అక్కడ ప్యాకేజ్ అనే ఒక్క వేరియబుల్ మిగిలిపోయింది. దాంట్లోని లోడ్‌లిబ్ అనే ఫంక్షన్‌తో దాడి చేసేవాళ్లు లువా లైబ్రరీ ఫైలునే తెరిచి, లేదనుకున్న ఐఓని వెనక్కి తెచ్చుకుని సర్వర్‌లో కమాండ్లు నడపగలిగారు. తీసేయాల్సినవాటికి లిస్టు రాసుకుంటే, మర్చిపోయిన ఒక్కటే కొంప ముంచుతుంది. ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌తో (స్క్రిప్టుకి కనిపించే పేర్ల పట్టికతో) మొదలుపెట్టి, కావాల్సినవి ఒక్కొక్కటే ఇవ్వండి.

రెండు: స్పీడు కోసం యూజర్ల దగ్గర బైట్‌కోడ్, అంటే ముందే కంపైల్ చేసిన స్క్రిప్టు, తీసుకోవచ్చట. లువా 5.2 నుంచి, వచ్చిన బైట్‌కోడ్ సరైనదో కాదో చూసే వెరిఫైయరే లేదు. వద్దు.

మూడు: ఫంక్షన్ల పేర్లు మార్చి దాచడం. దీని మీద టైమ్ దండగ.

నాలుగోది చదివితే నిజంగా కోపం వస్తుంది. "ఇన్‌స్ట్రక్షన్ల లెక్క చూసే హుక్ పెట్టండి, ఏ స్క్రిప్టూ సర్వర్‌ని ఆపలేదు." హుక్ అంటే ఇన్ని ఇన్‌స్ట్రక్షన్లకోసారి లువా పిలిచే మన ఫంక్షన్. అది లెక్కపెట్టేది లువా ఇన్‌స్ట్రక్షన్లనే, సీలో రాసిన ఫంక్షన్ లోపల జరిగే పనిని కాదు. ఒక అక్షరాన్ని స్ట్రింగ్ రెప్ (స్ట్రింగ్‌ని మళ్లీ మళ్లీ పేర్చే ఫంక్షన్)తో వంద కోట్ల సార్లు రాయమనండి. హుక్ లెక్కలో అది ఒక్క కాల్, మెమరీలో దాదాపు ఒక జీబీ. ఒకే అక్షరం వేలసార్లు ఉన్న స్ట్రింగ్‌లో, అదే అక్షరానికి స్టార్ పెట్టి పదిసార్లు పేర్చి, చివర స్ట్రింగ్‌లో లేని అక్షరం పెట్టిన ప్యాటర్న్ వెతకమనండి. వెతికే ఫైండ్ ఫంక్షన్ తిరిగి వస్తే కదా హుక్‌కి వంతు వచ్చేది! పోనీ హుక్ ఎర్రర్ వేసిందే అనుకుందాం, స్క్రిప్టులో పీకాల్ (ఎర్రర్లని పట్టుకునే ఫంక్షన్) ఉంటే దాన్ని పట్టేసుకుని ముందుకే పోతుంది. మెమరీకి పరిమితి కావాలంటే లువా స్టేట్ తయారుచేసేటప్పుడే సొంత అలొకేటర్ (మెమరీ కేటాయించే ఫంక్షన్) ఇవ్వాలి. టైమ్‌కి పరిమితి కావాలంటే వేరే ప్రాసెస్‌లో నడిపి, గడువు దాటితే చంపేయాలి.

ఐదు: పైథాన్‌లోనూ బిల్టిన్స్ (భాషతో వచ్చే ఫంక్షన్లు) ఖాళీ చేసి ఎవాల్‌తో యూజర్ కోడ్ నడిపితే సేఫేనట. ఖాళీ టూపుల్ నుంచి దాని క్లాస్, అక్కడి నుంచి బేస్, దాని సబ్‌క్లాసులు. బిల్టిన్స్ లేకుండానే మూడే అడుగుల్లో, ప్రాసెస్‌లో లోడైన క్లాసుల్లో ఆ బేస్ నుంచి నేరుగా పుట్టినవన్నీ చేతిలో ఉంటాయి.

ఒకటి ఒప్పుకుంటాను. స్క్రిప్టులు మీ టీమ్ వాళ్లే రాస్తుంటే, ఒకటో స్టెప్పూ నాలుగో స్టెప్పూ బాగా పనికొస్తాయి. పొరపాటున ఫైలు చెరిపేయడం, లూప్‌లో ఇరుక్కోవడం లాంటివి అవి ఆపుతాయి. నా సొంత టూల్స్‌లో నేను పెట్టేదీ అంతే.

అసలు ఆ మెసేజ్‌లో లేనివే ఈ ప్రశ్నలు. స్క్రిప్టు ఎవరు రాస్తారు? పక్క యూజర్ డేటా కనిపించకూడదా, సర్వర్ ఆగకూడదా, హోస్ట్ (లువాని నడిపే మీ యాప్) మెమరీ చెడకూడదా? హోస్ట్ నుంచి మీరిచ్చే ఫంక్షన్లు ఏవి? మళ్లీ ఫార్వర్డ్ చేసేవాళ్లు ఒకటో స్టెప్పుకి పైన ఈ ప్రశ్నలు, వాటికి మీ జవాబులు రాసి పంపండి. అప్పుడు చదువుతాను.